ఆ రాతి బొమ్మను ‘బొలీవియా కుబేరుడు’ అనేసి వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ‘బొలీవియా కుబేరుడు’ అనే శీర్షికతో, బొలీవియా జనం సిరి కోసం కొలిచే ఎకేకో మీద అర పేజీ కథనం వేశారు. దక్షిణ అమెరికా అంటే ఫుట్‌బాల్ తప్ప ఇంకేమీ కనిపించని మన పేపర్లలో ఆండీస్ పర్వత ప్రాంతపు ఒక బొమ్మకు అర పేజీ దొరకడమే గొప్ప, ముందుగా అందుకు మీకు థాంక్స్. కానీ చదువుతూ పోతే ఒక్కో పేరాకీ ఒక్కో ఇబ్బంది ఎదురైంది. రాసిందేమో రెండు వేల ఏళ్ల కిందటి రాతి బొమ్మ గురించి, వేసిన ఫొటో ఏమో బొలీవియాలోని లా పాజ్ నగరం బజార్లో ఇప్పుడు అమ్మే ప్లాస్టర్ బొమ్మది. ఆ ఫొటో కింద ‘రెండు వేల ఏళ్ల నాటి ధనదేవత’ అని క్యాప్షన్. పైగా చివర్లో, ఇంట్లో ఏ దిక్కున పెట్టుకుంటే సిరి కలుగుతుందో చెబుతూ ఒక బాక్స్. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆ కథనాన్ని మా పిల్లలు ఫోన్లో ఒకరికొకరు పంపుకుని, సోమవారం నా దగ్గరికొచ్చి ‘మేడమ్, మన కుబేరుడు అక్కడికెలా వెళ్లాడు’ అని అడిగారు. వాళ్లకు క్లాసులో చెప్పిందే ఇంకాస్త వివరంగా మీకూ రాస్తున్నాను. కొంచెం పొడుగైనా కత్తిరించకుండా వేస్తారని ఆశ.

ముందు ఆ రెండు బొమ్మలూ వేరు చేద్దాం, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే మొదలైంది. బజార్లో దొరికే ఎకేకో పొట్టిగా, బొద్దుగా, ఎర్రటి బుగ్గలతో, నల్లటి మీసంతో, చేతులు రెండూ బారచాపి నవ్వుతూ ఉంటాడు. మెడ నుంచి, భుజాల నుంచి, నడుము నుంచి సామాను వేలాడుతుంటుంది. పిండి బస్తాలు, బియ్యం సంచులు, నూనె డబ్బాలు, నోట్ల కట్టలు, చిన్న ఇల్లు, చిన్న కారు, ఇలా ఏది కావాలంటే అది. చాలా బొమ్మలకు నోట్లో ఒక రంధ్రం ఉంటుంది. మంగళవారం, శుక్రవారం సిగరెట్ వెలిగించి అందులో పెడతారు. అది బాగా కాలితే ఆయన తృప్తి పడ్డట్టు లెక్క. ఈ రూపం వలస పాలన నాటిది, ఆ మీసం, ఆ రంగు స్పానిష్ దొరల పోలికలు. దీనికి రెండు వేల ఏళ్లు లేవు.

రాతి బొమ్మ సంగతి పూర్తిగా వేరు. పొడవు దాదాపు 15 సెంటీమీటర్లు, అంటే అరచేతిలో పెట్టుకుంటే వేళ్ల చివరల దాకా వస్తుంది, అంతే. మీసం లేదు, బస్తాలు లేవు, నవ్వు లేదు. చూడగానే కనిపించేది వీపు మీది గూను. తల ముందుకు, వీపు వెనక్కి, పక్క నుంచి చూస్తేనే ఆ బొమ్మ సరిగ్గా అర్థమవుతుంది. టిటికాకా సరస్సుకు దక్షిణాన, సముద్రమట్టానికి 3,800 మీటర్లకు పైనున్న టివానాకు శిథిలాల దగ్గర స్విస్ శాస్త్రవేత్త, యాత్రికుడు యోహాన్ యాకోబ్ ఫాన్ చూడీ 1858లో దీన్ని చేజిక్కించుకున్నాడు. స్థానికులు దాన్ని పవిత్రంగా చూసుకుంటున్నారని తెలిసే, ఒక సీసా కోన్యాక్ బ్రాందీ ఇచ్చి తీసుకెళ్లానని ఆయనే తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. తర్వాత 1929లో బెర్న్ నగరంలోని చరిత్ర మ్యూజియం ఆయన కుటుంబం దగ్గర దీన్ని కొన్నది. బొలీవియా ప్రభుత్వం అడగ్గా అడగ్గా 2014 నవంబర్‌లో తిరిగి ఇచ్చారు. ఆ మరుసటి జనవరిలో లా పాజ్‌లో, చిట్టి వస్తువులు కొని మొక్కుకునే ఆలసిటాస్ పండుగకు అది జనం ముందుకు వచ్చింది. అంటే నూట యాభై ఏళ్లకు పైగా సొంత నేలకు దూరంగా ఉంది. మీ కథనంలో ఈ భాగమంతా ‘స్విట్జర్లాండ్ నుంచి తెచ్చారు’ అనే ఒక్క ముక్కతో అయిపోయింది.

ఇక అర్థం సంగతి. నా అసలు అభ్యంతరం ఇక్కడే. ఆ రాతి బొమ్మ ‘ధనదేవత’ అని మీరు తేల్చేశారు. అలా తేల్చడానికి కావలసిన ఆధారం ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే అది తవ్వకంలో బయటపడ్డది కాదు. ఏ పొరలో ఉంది, పక్కన ఎముకలున్నాయా, బూడిద ఉందా, గింజలున్నాయా, ఇంటి నేల కింద పాతారా, గుడి మెట్టు కింద పెట్టారా అనేవే ఏ పురాతన బొమ్మకైనా అర్థం చెప్పే విషయాలు. ఆ కాలపు ఆండీస్‌లో మనం చదవగల రాత కూడా లేదు. కాబట్టి చూడీ బ్రాందీ సీసా ఇచ్చి తీసుకుపోయింది ఒక్క రాయినే అనుకోవద్దు. దాన్ని అప్పటికింకా కొలుస్తున్న మనుషుల్ని అడిగి, వాళ్లు దాన్నేమని పిలుస్తున్నారో, ఏ రోజున ఏం పెడుతున్నారో వివరంగా రాసుకునే అవకాశం కూడా అక్కడితో పోయింది. 1858లో ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగల మనుషులు కళ్ల ముందే ఉన్నారు. అది తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆధారం లేదని చేతులు ముడుచుకోనక్కర్లేదు, చెప్పుకోదగ్గ అర్థాలు చాలానే ఉన్నాయి. కాకపోతే ఏది ఎంత దూరం నిలుస్తుందో చూసుకోవాలి.

మొదటిది పేరు నుంచి వచ్చే దారి. జెసూట్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన లుదోవికో బెర్తోనియో అనే ఇటాలియన్ ఫాదర్ టిటికాకా ఒడ్డున ఉండి 1612లో, అక్కడి అయిమారా జనం మాట్లాడే భాషకు నిఘంటువు అచ్చువేయించాడు. అందులో ఎకాకో, తునుపా అనే రెండు పేర్లూ ఒకరివే అన్నట్టు పక్కపక్కన ఇచ్చి, పూర్వకాలపు జనం ఈయన గురించి ఎన్నో కథలు చెప్పుకుంటారని రాశాడు. ఈ తునుపా ఎవరంటే సరస్సు ప్రాంతమంతా తిరిగిన ఒక మహిమాన్వితుడు. జనాన్ని మంచి దారిలో నడవమన్నాడు, శత్రువులు పట్టుకుని హింసించి రెల్లు తెప్పకు కట్టి సరస్సులో వదిలేశారు, ఆ తెప్ప పోయిన దారే దేసాగ్వాదేరో నదిగా మారిందని కథ. పిడుగుతో, అగ్నిపర్వతంతో కూడా ఆయనకు సంబంధం చెబుతారు. స్పానిష్ క్రైస్తవ రచయితలు ఈ కథ విని, ఇతను క్రీస్తు శిష్యుల్లో ఒకడే అయ్యుంటాడని నమ్మారు. కొందరు బర్తొలొమయి అన్నారు, కొందరు తోమా అన్నారు, మన మైలాపూర్ వచ్చాడని చెప్పుకునే ఆ తోమాయే! అంటే ఈ పేరు వెనకున్న మనిషి 1600ల నాటికే మూడు నాలుగు రూపాలు మార్చాడు. బొలీవియా పురావస్తు శాస్త్రవేత్త కార్లోస్ పోన్సె సాంహినెస్ 1969లో, వీపు వంగిన ప్రాచీన బొమ్మలన్నిటినీ ఒక్కచోట చేర్చి పరిశీలించి, ఎకేకో, తునుపాలకు మూలం వీటిలోనే ఉందని వాదించాడు. ఇవాళ బొలీవియాలో అందరూ నమ్మే దారి చాలావరకు ఆయన వేసినదే. వాదనలో బలముంది, కానీ బొమ్మ చెక్కిన కాలానికీ బెర్తోనియో పుస్తకానికీ మధ్య దాదాపు 1,600 ఏళ్లు ఉన్నాయి. పేరు నిఘంటువులో ఉంది, రాతి మీద లేదు.

కాలం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టివానాకు మహానగరంగా వెలిగింది సుమారు క్రీ.శ. 500 నుంచి 1000 వరకు. బొమ్మ వయసు రెండు వేల ఏళ్లు అన్న లెక్క సరైనదైతే, ఆ పెద్ద గుళ్లు లేవడానికి కొన్ని వందల ఏళ్ల ముందే అది ఉంది. సరస్సుకు వాయవ్యాన, ఇప్పటి పెరూలో ఉన్న పుకారా సంస్కృతి పనితనమని చెప్పేవాళ్లు ఉన్నారు. అదే నిజమైతే, బొమ్మ ఒకచోట పుట్టి, సరస్సు చుట్టూ తిరిగొచ్చి, టివానాకు వాళ్లకు అప్పటికే పాత బొమ్మగా చేరి ఉండాలి. ఎవరు మోసుకొచ్చారు, వ్యాపారులా, యాత్రికులా? ఎవరో ఒకరు దాన్ని అన్నాళ్లు పారేయకుండా ఉంచారన్నది మాత్రం నిజం. నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అదే.

రెండో దారి ఆ గూను. మా బైపీసీ పిల్లలకు ఇది చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దంగా విన్నది. వెన్నెముకకు క్షయ సోకితే పూసలు కరిగి, వీపు ఒక్కచోట మడత పడినట్టు వంగిపోతుంది. టీబీని తెల్లవాళ్లే అమెరికా ఖండాలకు తెచ్చారని చాలాకాలం అనుకున్నారు. 1973లో పెరూలోని నాస్కా ప్రాంతపు ఒక పిల్లవాడి మమ్మీలో వెన్నెముక క్షయను గుర్తించారు. ఆ పిల్లవాడు క్రీ.శ. 700 ప్రాంతపువాడు, కొలంబస్‌కు ఎనిమిది వందల ఏళ్ల ముందు. 2014లో, పెరూ దక్షిణ తీరంలో దొరికిన వెయ్యేళ్ల నాటి అస్థిపంజరాల నుంచి క్షయ క్రిమి జన్యుక్రమం మొత్తం తీసి చూస్తే, అది సీల్ చేపలు అని మనం పిలిచే సముద్ర జంతువుల్లో ఉండే రకానికి దగ్గరగా తేలింది. తీరంలో వాటిని వేటాడి తినే జనానికి వాటి నుంచే సోకి ఉండాలి. కాబట్టి ఆండీస్ శిల్పి తన ఊళ్లో గూనుమనిషిని చూసే చెక్కాడనడానికి అడ్డేమీ లేదు. అయితే రాతిని చూసి రోగం పేరు చెప్పడం కుదరదు, పుట్టుకతో వచ్చే గూను ఉంటుంది, ముసలితనపు వంగుడు ఉంటుంది, జీవితమంతా బరువులు మోసిన వీపూ ఉంటుంది.

రోగమా కాదా అన్నదాన్ని మించి నన్ను ఆలోచింపజేసేది, ఆ సమాజం అలాంటి మనిషిని ఎలా చూసింది అన్న ప్రశ్న. గ్వామన్ పోమా అనే ఆండీస్ స్థానికుడు 1615 నాటికి పూర్తిచేసిన సచిత్ర గ్రంథం, దాదాపు నాలుగు వందల బొమ్మలతో స్పెయిన్ రాజుకు రాసుకున్న మొర, ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లోని రాజ గ్రంథాలయంలో ఉంది. స్పానిష్ వాళ్లు రాకముందు ఆండీస్‌ను ఏలిన ఇంకాల రాజ్యం జనాభాను ఎలా విభజించి లెక్కపెట్టేదో అందులో చెబుతూ, కుంటివాళ్లు, గుడ్డివాళ్లు, మరుగుజ్జులు, గూనివాళ్లు కలిసి ఒక వర్గమని, వాళ్లకూ చేతనైన పని అప్పగించేవాళ్లని, పెళ్లిళ్లు చేసేవాళ్లని రాశాడు. రాణుల పక్కన గూని పరిచారకులు కనిపించే బొమ్మలూ వేశాడు. ఇక 17వ శతాబ్దపు చర్చి మనుషుల రాతల్లో, కవలలు, పిడుగుపాటుకు గురై బతికినవాళ్లు, శరీరంలో ఏదో ప్రత్యేకతతో పుట్టినవాళ్లు దేవతల పనికి ఎంపికయ్యేవాళ్లని ఉంది. దీన్నిబట్టి ఆ గూను శాపానికి గుర్తు కాకుండా ఎంపికకు గుర్తు అయ్యుండొచ్చు. అంటే ఆ బొమ్మ దేవుడిది కాక, దేవుడితో మాట్లాడే మనిషిది అయ్యుండొచ్చు, ఒక పూజారి, ఒక వైద్యుడు. మీ కథనం ఈ అవకాశాన్ని తలుపు దగ్గరికి కూడా రానివ్వలేదు.

ఇక మూడో దారి. వీపు మీది ఉబ్బు గూను కాదు, మూట అని చూసేవాళ్లూ ఉన్నారు. ఇప్పటి ప్లాస్టర్ ఎకేకో బరువంతా మోస్తున్నాడు కదా, ఆ పాత మూట నుంచే ఈ బస్తాలు వచ్చాయన్నది వాళ్ల ఊహ. ఊహ అందంగా ఉంది, అంతకన్నా నేను చెప్పలేను. అలాగే ఈ కోవకు చెందిన బొమ్మల నగ్నత్వాన్ని, కొన్నిటిలో ప్రస్ఫుటంగా చెక్కిన పురుషాంగాన్ని చూపి ఇవి సంతానానికి, పంటకు సంబంధించినవని పరిశోధకులు చెబుతారు. దీన్ని కొట్టిపారేయలేం. ఫ్యామిలీ పేపర్ కదా అని మీరు వదిలేసి ఉండొచ్చు, కానీ సంతానం, పంట అనే అర్థం వదిలేస్తే ‘ధనం’ అనే అర్థం గాల్లో వేలాడుతుంది. బొమ్మ చెక్కిన నాటికి అక్కడ డబ్బే లేదు. సంపద అంటే లామాలు, అల్పాకాలు అనే ఒంటె జాతి పెంపుడు జంతువులు, బంగాళాదుంపలు, పిల్లలు.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది నాలుగో దారి, కాస్త ఓపిగ్గా చెబుతాను. ఆండీస్‌లో చిన్న బొమ్మకు ఒక ప్రత్యేకమైన పని ఉంది. అక్కడి పశువుల కాపరులు అరచేతిలో పట్టే రాతి అల్పాకాలను తరతరాలుగా దాచుకుంటారు. వాటిని ఇల్యా అంటారు, కోనోపా అనీ అంటారు. పాతకాలపు కోనోపాను దగ్గరగా చూస్తే అల్పాకా నున్నటి ఒంటి మీద, సరిగ్గా వీపు మధ్యలో, గుండ్రటి గుంట తొలిచి ఉంటుంది. ఆ గుంటలో లామా కొవ్వు, కోకా ఆకు పెట్టి మంద పెరగాలని మొక్కుతారు. మంద బలమంతా ఆ రాయిలో ఉంటుందని, దానికి తిండి పెట్టకపోతే మంద చిక్కిపోతుందని వాళ్ల నమ్మకం. అంటే అది బొమ్మ అనడం కూడా సరిపోదు, మందకు విత్తనం లాంటిది. పాబ్లో హోసె దె అర్రియాగా అనే జెసూట్, విగ్రహారాధనను తుడిచిపెట్టే పనిలో తాము ఏడాదిన్నర కాలంలో జనం ఇళ్ల నుంచి లాక్కున్నవాటి లెక్కలు 1621లో అచ్చువేసిన తన పుస్తకంలో ఇచ్చాడు, ఒక్క కోనోపాలే 3,400కు పైన! ఒక్కొక్కటీ ఒక్కో ఇంటిది. టివానాకు బొమ్మ అలాంటి దాడులన్నీ తప్పించుకుని, చర్చి నీడలో మూడు వందల ఏళ్లు బతికి, 1858లో ఇంకా పూజలందుకుంటూ ఉంది. బొలీవియా ప్రభుత్వం కూడా దాన్ని ‘ఎకేకో ఇల్యా’ అని పిలవడం వెనక ఈ ఆలోచనే ఉంది.

చిన్నదాన్ని ఇచ్చి పెద్దదాన్ని అడగడం ఆ కొండల్లో ఎంత లోతుగా పాతుకుందో చూడండి. 1999లో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని యుయయాకో అగ్నిపర్వతం మీద, 6,700 మీటర్ల ఎత్తున, ఇంకాలు బలిచ్చిన ముగ్గురు పిల్లల శరీరాలు గడ్డకట్టి యథాతథంగా దొరికాయి. వాళ్ల పక్కన బంగారంతో, వెండితో, స్పాండిలస్ అనే ఎర్రటి గవ్వతో చేసిన చిట్టి మనుషులు, చిట్టి లామాలు ఉన్నాయి. ఆ చిట్టి మనుషులకు నేసిన బట్టలు కట్టారు, ఈకల టోపీలు పెట్టారు, చిన్న పిన్నులతో శాలువా బిగించారు. టిటికాకా సరస్సు అడుగునే దొరికిన ఒక రాతి పెట్టె గురించి 2020లో పరిశోధకులు ప్రకటించారు, అందులో ఉన్నవి స్పాండిలస్ గవ్వతో చేసిన చిన్న లామా, చుట్టచుట్టిన చిన్న బంగారు రేకు. ఆ గవ్వ దొరికేది ఎక్కడో ఈక్వడార్ వైపు వెచ్చటి సముద్రంలో, చేరింది 3,800 మీటర్ల ఎత్తున చన్నీటి సరస్సు అడుగుకి. ఇప్పటికీ పెరూలోని కుస్కో నగరం దగ్గర కొయ్యూర్ రితి యాత్రకు వెళ్లే రైతులు కొండ మీద గులకరాళ్లు పేర్చి బుల్లి ఇళ్లు, బుల్లి దొడ్లు కట్టి నిజమైనవి కావాలని కోరుకుంటారు. మన తిరుమల కొండ మీద దారి పక్కన రాయి మీద రాయి పేర్చి సొంతిల్లు మొక్కుకునే మనుషుల్ని చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పోలిక చెప్పాలనుకుంటే మీరు దీన్ని చెప్పాల్సింది. కుబేరుడితో పోల్చడం వల్ల చిన్నది పెద్దదాన్ని పిలుస్తుందన్న అసలు విషయం మరుగున పడిపోయింది, ‘ధనం’ అన్న మాట ఒక్కటే మిగిలింది.

ఆలసిటాస్ పండుగ అర్థమయ్యేది కూడా ఇలా చూసినప్పుడే. ఏటా జనవరి 24న, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు, లా పాజ్ జనం చిట్టి వస్తువులు కొనడానికి ఎగబడతారు. కొన్న వెంటనే యాతిరి అనే అయిమారా పూజారి దగ్గరికి తీసుకెళ్తే ఆయన ధూపం పొగలో తిప్పి, పూలరేకులు చల్లి, మద్యం చిలకరించి ఇస్తాడు. అక్కడి నుంచి చర్చికి వెళ్లి ఫాదర్ చేత తీర్థం కూడా చల్లించుకుంటారు, రెండూ చేయించుకోవడంలో వాళ్లకేం ఇబ్బంది లేదు. ఇల్లు కావాలంటే బొమ్మ ఇల్లు, డిగ్రీ కావాలంటే అంగుళం పొడవు డిగ్రీ పట్టా, విదేశం వెళ్లాలంటే బుల్లి పాస్‌పోర్టు, సూట్‌కేసు. అక్కడి పత్రికలు కూడా ఆ రోజు కోసం అరచేతిలో పట్టే బుల్లి పత్రికలు అచ్చువేస్తాయి, పత్రికవాళ్లుగా మీకు ఈ విషయం నచ్చుతుందనుకుంటాను. యునెస్కో 2017లో ఈ పండుగ యాత్రలను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ తేదీ వెనక కూడా ఆకలి కథ ఉంది. 1781లో తుపాక్ కటారి నాయకత్వంలో అయిమారాలు లా పాజ్ నగరాన్ని నెలల తరబడి ముట్టడించారు. లోపల తిండి లేక వేలమంది చనిపోయారు. జనం చెప్పుకునే కథ ఏమిటంటే, నగరంలో దొరల ఇంట్లో పనిచేసే ఒక అయిమారా అమ్మాయికి బయటున్న ప్రియుడు చిన్న ఎకేకో బొమ్మ ఇచ్చాడు, దొంగచాటుగా తిండీ చేరవేశాడు, ఆ ఇంట్లో మాత్రం గింజలు నిండుకోలేదు, ఇదంతా బొమ్మ మహిమే అనుకున్నారు. గవర్నర్ సెబాస్టియన్ సెగురోలా ముట్టడి తొలగాక, నగర రక్షకురాలైన శాంతి మాత పండుగ రోజుకే ఈ బొమ్మల సంతనూ మార్పించాడని చెబుతారు. ఇందులో చరిత్ర ఎంత, కథ ఎంత అని విడదీయడం కష్టం, ముట్టడి మాత్రం చరిత్రే. ఇప్పుడు మనకు తెలిసిన ఎకేకో, బస్తాలు మోసే ఎకేకో, ఆ కరువు తర్వాతివాడు. పిండి బస్తా ఆయన భుజానికి ఎందుకెక్కిందో ఇక వేరే చెప్పాలా?

ఈ దారులన్నీ చూశాక నా అభిప్రాయం ఇది. ఆ రాతి బొమ్మను మొదట చెక్కినవాళ్లు దాన్ని ఎకేకో అనుకున్నారని చెప్పలేం. గూనిమనిషి శరీరంలో ఏదో శక్తి ఉందని నమ్మి, ఆ శక్తిని చేతిలో పట్టేంత చేసుకుని, పంట కోసమో మంద కోసమో పిల్లల కోసమో దానికి తిండి పెట్టుకున్నారనడం అన్నిటికన్నా సహజంగా తోస్తుంది. దాన్ని తునుపా అన్నవాళ్లు, ఎకాకో అన్నవాళ్లు, ఇవాళ ఎకేకో అని మొక్కుతున్నవాళ్లు తర్వాత తర్వాత చేరారు. వాళ్లెవరినీ నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల నమ్మకం 2014లో బొమ్మను విమానంలో చూసి కొత్తగా పుట్టింది కాదు. కానీ ఒక్కో కాలం మాటను ఆ కాలానికి చెందినట్టే రాయాలి, ఇప్పటి నమ్మకాన్ని తీసుకెళ్లి రెండు వేల ఏళ్ల కిందటి శిల్పి నోట్లో పెట్టకూడదు.

దీన్ని అడ్డం పెట్టుకుని ‘అది ఎకేకో అని రుజువే లేదు, మరి బొలీవియాకు ఎందుకివ్వాలి’ అనేవాళ్లు కూడా ఉంటారు. ఆ మాట నాకు అస్సలు సమ్మతం కాదు. అర్థం తేలకపోవడానికీ హక్కు లేకపోవడానికీ సంబంధమే లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు కొలుస్తుండగా తీసుకెళ్లారో చూడీ సొంత పుస్తకమే సాక్ష్యం, బొలీవియా వాదనకు అండగా నిలిచిందీ అదే. మన దగ్గర ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి పోయిన శిల్పం సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బుద్ధుణ్ని ఆరాధిస్తున్న భక్తుల శిల్పం అది, క్రీ.శ. 3వ శతాబ్దపుది, దాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2005లో కొని, అది ఇక్కడున్నప్పటి ఫొటో బయటపడ్డాక 2016లో వెనక్కి ఇచ్చింది. అందులోని ఒక్కో భక్తుడి ముద్రకూ అర్థం తేలేదాకా ఆగాలని మనం ఒప్పుకునేవాళ్లమా? టివానాకు వాళ్లకు అప్పట్లో ఫొటో లేదు, తీసుకెళ్లినవాడి రాత ఉంది, తేడా అంతే.

బెర్న్ నుంచి అది తిరిగొచ్చేదాకా పండుగ ఆగలేదని కూడా గుర్తుంచుకోవాలి. బొమ్మ గాజు పెట్టెలో ఉన్న ఆ 85 ఏళ్లూ లా పాజ్‌లో ప్రతి జనవరిలోనూ ప్లాస్టర్ ఎకేకోలు అమ్ముడవుతూనే ఉన్నాయి, సిగరెట్లు వెలుగుతూనే ఉన్నాయి. అందుకే ప్లాస్టర్ బొమ్మను తక్కువగా చూడటం నా ఉద్దేశం కాదు. దాని కథ దానికుంది, ఫొటో కింద దాని పేరు దానికి పెట్టమంటున్నాను.

మిమ్మల్ని అడిగేవి కొన్ని ఉన్నాయి. ఒకటి, సవరణ వేసి ఆ ఫొటోలో ఉన్నది ఇప్పటి ప్లాస్టర్ ఎకేకో అని చెప్పండి, వీలైతే రాతి బొమ్మ ఫొటోను పక్క నుంచి తీసినది వేయండి, ఎదురుగా తీసినదాంట్లో గూను కనిపించదు. ఏ దిక్కున పెట్టాలో చెప్పిన ఆ బాక్స్ మీ ఆన్‌లైన్ ఎడిషన్‌లో ఇంకా ఉంది, దాన్ని తీసేయండి. ఎకేకోకు మన వాస్తుతో ఏ సంబంధమూ లేదు, అయిమారాల దగ్గర అలాంటి నియమమూ లేదు. వాళ్లకు ఉన్న నియమం మధ్యాహ్నం పన్నెండు గంటల గురించి. ఇకముందు ఏ దేశపు పురాతన వస్తువు గురించి రాసినా దాని కొలత, అది దేనితో చేసింది, ఎక్కడ ఎలా దొరికింది, ఇప్పుడెక్కడుంది అనేవి ఒక్క లైనులో ఇవ్వండి. మా పిల్లలు పోటీ పరీక్షలకు మీ పేపర్ నుంచే కత్తిరించి పెట్టుకుంటారు. ఆ అర్థం ఎవరు చెప్పారో, ఏ కాలంలో చెప్పారో కూడా రాయండి.

వచ్చే జనవరి 24కి ఆలసిటాస్ మీద పూర్తి పేజీ వేయాలని అడుగుతున్నాను. అందులో గూను గురించి ఎముకల డాక్టరు ఒకరితో గానీ, టీబీ డాక్టరు ఒకరితో గానీ నాలుగు పేరాలు రాయించండి, అది మా బైపీసీ పిల్లల కోరిక. చందవరం శిల్పం గురించి కూడా అదే పేజీలో చోటిస్తే, ఆ క్షేత్రం చూడటానికి ఆ తర్వాత మా కాలేజీ నుంచి తీసుకెళ్లబోయే పిల్లలకు చదువుకోవడానికి పనికొస్తుంది.

— ఒక చరిత్ర అధ్యాపకురాలు, ఒంగోలు